ముప్పై ఒక్కమంది కోటయ్యలు

జూన్ 2, సోమవారం

పొద్దున మబ్బు, పది దాటాక ఎండ. నీళ్ల డ్రమ్ములో పాచి గీకి కడిగాను. నిద్ర 7 గంటలు. మాత్రలు పొద్దున 1, రాత్రి 2.

కొత్త నోటుబుక్కు. పాతది మే నెలతో అయిపోయింది. మొదటి లెక్క నిద్ర, రెండో లెక్క మాత్రలు, ఆ తర్వాతే మిగతా సంగతులు అని నరసరావుపేట డాక్టరమ్మ చెప్పి నాలుగేళ్లయింది. ఆ వేసవిలో పది రోజులు నిద్ర లేకుండా తిరిగితే నన్ను ఆసుపత్రిలో చేర్చారు. అప్పటినుంచి ఈ లెక్క ఒక్క రోజూ తప్పలేదు.

మిర్చి కాటాలు శనివారంతో ముగిశాయి. కల్లం కల్లానికీ తిరిగి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తూచి బరువు రాసే పని నాలుగు నెలలే. "ఫిబ్రవరిలో కలుద్దాం ఉపేంద్రా" అన్నారు వ్యాపారి పున్నయ్య గారు. పన్నెండేళ్లుగా అదే మాట. మిగతా ఎనిమిది నెలలు ఏది దొరికితే అది. పోయిన ఆగస్టులో ఏదీ దొరక్క నలభై రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ పేజీల్లో నిద్ర 14, నిద్ర 15, నిద్ర 13 తప్ప ఇంకేమీ లేదు. ఈ ఏడు అలా కాకూడదు.

సాయంత్రం హమాలీ ముఠా మేస్త్రి షౌకత్ రొంపిచెర్లలో మా ఇంటికి వచ్చాడు.

"ఏంది ఉపేంద్రన్నా, అప్పుడే ఖాళీనా? పేట రోడ్డు కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాకి కళ్లు కనపడట్లా. నిన్న ఒకళ్ల టిక్కీలు దించమంటే ఇంకొకళ్లవి దించాం. మళ్లీ మోసింది మేమేగా!"

"నన్ను పెట్టుకుంటారా?"

"అడిగితేగా తెలిసేది. సంవత్సరమంతా పని. సీజను మిరపకాయకుంటది గానీ ఐసుకేంది సీజను?"

నా భార్య రోహిణి లోపలినుంచి విని రెండు గ్లాసుల టీ తెచ్చింది. షౌకత్ అడగకుండానే.

జూన్ 4, బుధవారం

ఎండ. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. నిద్ర 6½. మాత్రలు సరి.

ఓనరు గోపాలకృష్ణయ్య గారు రిజిస్టరు తిప్పుతూనే మాట్లాడారు.

"ఏం చదివావ్?"

"ఏడో తరగతండి."

"ఇంగ్లీషు?"

"పురుగుమందు డబ్బాల మీద చదివి నేర్చుకున్నానండి. డిక్షనరీ పెట్టుకొని."

నవ్వారు. డబ్బా మీద కనపడే మాటలు ఏవన్నా చెప్పమన్నారు. విరుగుడు, కలుపు, మోతాదు, పిల్లలకు అందకుండా ఉంచండి, అన్నీ ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అల్లుడు, మేనేజరు కిరణ్ కుమార్ కంప్యూటరు చూపించాడు. గంటలో పట్టుకున్నాను.

"పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు. పందొమ్మిదో తారీకు దాకా చూస్తా. నచ్చితే పర్మనెంటు. పీఎఫ్ కడతా. ఆరోగ్యం బాగుంటదా? లోపల చలి."

బాగుంటుందండి అన్నాను. ఆయన అడిగింది చలి గురించి. చలికి నాకేమీ ఇబ్బంది లేదు.

రోజూ ఒకే వేళకు లేవడం, ఒకే వేళకు ఇంటికి రావడం సగం మందు అని డాక్టరమ్మ అంటుంది. ఆ సగం ఇప్పుడు పేట రోడ్డు మీద ఉంది!

జూన్ 5, గురువారం

ఎండ 42 అన్నారు. నేను మాత్రం స్వెట్టరు, మఫ్లరు! నిద్ర 6. మాత్రలు సరి.

చాంబరు తలుపు తీయగానే పొగమంచు కాళ్ల మీదకు వచ్చింది. లోపల నాలుగు అంతస్తుల చెక్క అరలు, అరల నిండా టిక్కీలు, టిక్కీల నిండా మిరపకాయ. ఘాటు కూడా చల్లగా ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. తుమ్ము వచ్చింది గానీ కళ్లు మండలేదు. బయటికి వస్తే వడగాడ్పు. రోజుకు ఇరవై సార్లు పుష్యమాసం, ఇరవై సార్లు రోహిణీ కార్తె. ఇంట్లో ఈ మాట చెబితే "ఇరవై సార్లు నా దగ్గరకు వచ్చి పోతున్నావన్నమాట" అంది రోహిణి.

జూన్ 7, శనివారం

ఉక్క. నిద్ర 6. మాత్రలు సరి.

జబ్బు ఎక్కడుందో కనిపెట్టాను. స్టోరేజీ జబ్బు.

కోటప్పకొండ చుట్టుపక్కల మొక్కుకొని కన్న ప్రతివాడూ కోటయ్యే. రిజిస్టరు మొత్తం చూసి లెక్క పెట్టాను. ముప్పై ఒక్కమంది. అందులో తొమ్మిది మందికి ఇంటిపేరు కూడా ఒకటే. తండ్రి పేరు అడిగితే సగం మందికి అదీ కోటయ్యే. సరుకు పెట్టినప్పుడు ఇచ్చిన బాండు కాయితం తెచ్చినవాడికి ఇబ్బంది లేదు. మరిచిపోయి వచ్చి "కోటయ్యనయ్యా, తీయించు" అనేవాళ్లతోనే చావు. పాత గుమాస్తా మొహం చూసి చెప్పేవాడు. ఇప్పుడు ఆయనకు మొహాలు కనపడటం లేదు.

ఈ రోజు ఒక కోటయ్యకు అరగంట, ఇంకొక కోటయ్యకు నలభై నిమిషాలు. షౌకత్ మూడో అంతస్తు మీద కూర్చొని "ఏ కోటయ్యో తేల్చండయ్యా, ఈలోపల నేను గడ్డ కట్టేట్టున్నా" అని అరుస్తున్నాడు.

నాకు ముప్పై ఒక్కమందీ తెలుసు! పన్నెండేళ్లు వాళ్ల కల్లాల్లోనే కదా తిరిగాను.

జూన్ 8, ఆదివారం

ఎండ. నిద్ర 5, సరిపోయింది. మాత్రలు 1 + 1.

పొద్దుటినుంచి రాస్తూనే ఉన్నాను. ఊరివాళ్లు ఎవరిని ఏమని పిలుస్తారో అదే అసలు పేరు. బోరు కోటయ్య (పదకొండు బోర్లు వేశాడు, ఒక్కదాంట్లో కూడా నీళ్లు పడలేదు). మిలట్రీ కోటయ్య. ఆర్‌ఎంపీ కోటయ్య. రెండిళ్ల కోటయ్య. నత్తి కోటయ్య. జనరేటరు కోటయ్య. ఇల్లరికం కోటయ్య. ఒక్కొక్క పేరూ రాస్తుంటే మనిషి, కల్లం, కల్లం పక్కన కట్టేసిన కుక్క, అన్నీ కళ్ల ముందుకు వస్తున్నాయి. ముప్పై ఒకటీ పూర్తయ్యాయి. కోటేశ్వరరావులు ఇంకా పద్దెనిమిది మంది. ఆంజనేయులు ఇరవై ఇద్దరు. సాయంత్రానికి అందరూ అయిపోయారు.

రోహిణి అన్నానికి పిలిచిందట. వినపడలేదు.

జూన్ 9, సోమవారం

నిద్ర 7. మాత్రలు సరి.

మూడింటికి పాల వ్యాను హారను. నాలుగింటికి రోహిణి నీళ్లు పట్టడానికి లేచేసరికి పదహారు పేజీల ప్లాను తయారు. ఏ చాంబరుకు ఏ రంగు చీటీ, ఏ ఊరివి ఏ వరుస, పక్క జిల్లా స్టోరేజీలకు కూడా ఇదే ఎలా పనికొస్తుంది, అన్నీ. బండి మీద పేటకు వెళ్తుంటే రోడ్డు పక్కన మైలురాళ్లు కూడా చక్కగా వరుసలో పెట్టినట్టు కనిపించాయి.

జూన్ 10, మంగళవారం

నిద్ర 7.

కిరణ్ కుమార్‌తో చెప్పి కంప్యూటరులో కొత్త గడి పెట్టించాను. పిలుపు పేరు. కొడితే చాలు, చాంబరు, అంతస్తు, వరుస పడిపోతాయి. డెలివరీ స్లిప్పు మీద కూడా పెద్ద అక్షరాల్లో పడాలని నేనే అడిగాను. హమాలీలకు దూరం నుంచి కనపడాలి కదా.

"రైతులు ఏమన్నా అనుకుంటారేమో?" అన్నాడు కిరణ్ కుమార్. గుంటూరులో పెరిగినవాడు, ఊళ్ల సంగతి తెలియదు.

"ఊరంతా పిలిచే పేరే కదండీ" అన్నాను.

జూన్ 11, బుధవారం

నిద్ర 7. చిన్న జల్లు, మట్టి వాసన.

బోరు కోటయ్య వచ్చాడు. రెండు నిమిషాలు! గడియారం పెట్టుకొని చూశాను. స్లిప్పు చూసుకొని పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్, పదకొండు బోర్లకు దక్కిన ఫలం ఇదేరా" అని దాన్ని జేబులో పెట్టుకొని తీసుకుపోయాడు. గోపాలకృష్ణయ్య గారు వచ్చి నా భుజం తట్టారు. పందొమ్మిది దాకా ఎందుకయ్యా చూడటం అన్నారు!!

నేను తక్కువ మాట్లాడే మనిషిని. ఈ రోజు నోరు మూతపడలేదని షౌకత్ అన్నాడు. సంతోషమొస్తే మనిషి మాట్లాడడా?

జూన్ 12, గురువారం

నిద్ర 7. ఇంకా పని ఉంది.

జూన్ 13, శుక్రవారం

నిద్ర 7.

రోహిణి మాత్రల షీటు చేతిలో పెట్టుకొని గుమ్మంలో నిలబడింది.

"ఏందిది? తొమ్మిది మిగిలినయ్యేంది?"

"రాత్రి మాత్ర వేసుకుంటే పొద్దున మత్తు. తొమ్మిదింటికల్లా అక్కడుండాలిగా."

"మరి నిద్ర?"

"ఏడు గంటలు. రాసి పెట్టా, చూసుకో."

"నీ పక్కన పడుకునేది నేనా, ఆ బుక్కా?"

పర్మనెంటు కాబోతున్న మనిషితో మాట్లాడే పద్ధతేనా అది? ఇప్పుడు నాకున్నది జబ్బు కాదు, ఉద్యోగం. ఈ రెండింటికీ తేడా తనకు తెలియాలి. పందొమ్మిది దాటాక రెండూ వేసుకుంటాను.

జూన్ 14, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పదకొండింటికి మాచవరం నుంచి పెద్ద రైతు కోటయ్య గారు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో ఫోను. ఆయనవి నాలుగు వందల టిక్కీలు. ఆఫీసులో పదిహేను మంది ఉన్నారు, ఆయన ఊరి అవతలి పార్టీ వాళ్లు కూడా. స్లిప్పు ప్రింటయింది. హమాలీ ఒకడు తీసి, అలవాటు ప్రకారం చాంబరు వైపు తిరిగి గొంతెత్తి చదివాడు.

"ఇల్లరికం కోటయ్యా, రెండో చాంబరు, మూడో అంతస్తూ!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

ఆయన స్లిప్పు లాక్కొని చదువుకున్నారు.

"ఎవుడ్రా రాసింది?"

"నేనే" అన్నాను. అక్కడితో ఆపితే సరిపోయేది. నేను ఆపలేదు. లేచి నిలబడ్డాను. పేరు అంటే ఏమిటో, రిజిస్టరు అంటే ఏమిటో, ఇల్లరికం ఎందుకు తప్పు కాదో, ముప్పై ఒక్కమందిలో ఎవరి పేరు ఎలా వచ్చిందో అందరి ముందూ చెప్పాను. రెండిళ్ల కోటయ్య సంగతి కూడా. నాకే నా మాటలు ఎంతో బాగా వినపడ్డాయి. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. గోపాలకృష్ణయ్య గారు రెండుసార్లు కూర్చోమన్నారట.

"నా సరుకు మొత్తం తీయిస్తన్నా. మా ఊరోళ్లందరివీ తీయిస్తా. రిజిస్టర్లు పిచ్చోళ్ల చేతికిచ్చి కూకో నువ్వు" అని ఓనరు మొహం మీద స్లిప్పు పడేసి ఆయన వెళ్లిపోయారు.

షౌకత్ నా చెయ్యి పట్టుకొని చాంబరులోకి లాక్కుపోయాడు. తలుపు వేశాడు.

"అన్నా, ఎన్ని రాత్రులైంది పడుకొని?"

ఏడు గంటలు అనబోయాను. చలికి పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"నాకు తెలుసన్నా. నాలుగేళ్ల కింద ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయినోడిని నేనే. అప్పుడూ ఇవే కళ్లు."

బయటికి వచ్చాక గోపాలకృష్ణయ్య గారు నా వైపు చూడకుండా అన్నారు. "ఇంటికి పో. కబురు చేస్తా. చేసిందాకా రాకు."

జూన్ 15, ఆదివారం

నిద్ర 11. మాత్రలు 1 + 2, రోహిణి ముందు.

డాక్టరమ్మకు ఫోను తనే చేసింది. నేను పక్కన కూర్చున్నాను.

దిద్దుబాటు:
8వ తేదీ 5 అని రాసింది 3.
9వ తేదీ 4.
10వ తేదీ 3.
11వ తేదీ 3.
12వ తేదీ 2.
13వ తేదీ పడుకోలేదు.
మాత్రలు సరి అని రాసింది కూడా సరి కాదు.

జూన్ 16, సోమవారం

మబ్బు. నిద్ర 9. మాత్రలు సరి.

ఆసుపత్రిలో రక్తం తీశారు. మందు కొంచెం మార్చారు. డాక్టరమ్మ నోటుబుక్కు చూసి తిట్టలేదు. "ఈ దిద్దుబాటు పేజీ నాకు ఫొటో తీసి ఇవ్వండి" అంది. రాత్రి తొమ్మిదిన్నరకు పెన్ను కింద పెట్టాలని కొత్త నియమం. వాక్యం పూర్తి కాకపోయినా సరే.

"సంతోషం వచ్చినప్పుడల్లా అనుమానించమంటారా?" అని అడిగాను.

"వద్దు. సంతోషపడండి. కానీ పడుకొని లేచాక కూడా అది ఉందో లేదో చూసుకోండి."

ఓనరు నుంచి కబురు లేదు.

జూన్ 17, మంగళవారం

ఎండ. నిద్ర 8. మాత్రలు సరి.

మాచవరం వెళ్లాను. రోహిణి వద్దంది, తర్వాత బస్సు దాకా వచ్చింది.

కోటయ్య గారు వసారాలో కూర్చొని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు. ఆయన భార్య హనుమాయమ్మ గారు కుర్చీ వేసింది.

"కూర్చో నాయనా. ఈయన్ని కాగితంలోకి ఎక్కించింది నువ్వేనా?"

"నువ్వు లోపలికి పోవే" అన్నారాయన.

"నా ఇంట్లో నన్ను ఎక్కడికి పొమ్మంటావ్?" అని ఆవిడ అక్కడే కూర్చుంది. "నలభై రెండేళ్లుగా ఊరంతా అంటానే ఉంది నాయనా. వినపడనట్టు తిరిగింది ఈయనొక్కడే."

నాకు నవ్వు రాలేదు. చెప్పాల్సింది బస్సులో వరుసగా పెట్టుకొని వచ్చాను. అంతా చెదిరిపోయింది.

"పెదనాన్నా, తప్పు చేశాను. చెప్పుకోవడానికి సాకు కాదు గానీ, నాకు మనసుకు సంబంధించిన జబ్బుంది. మాత్రలు మానేశాను. అప్పుడు బుద్ధికి అన్నీ బాగానే కనపడతాయి. నాలుగేళ్ల కిందట ఆటోకు మైకు కట్టించుకొని మూడు రోజులు తిరిగాను. ప్రతి ఊరికీ బస్సు వేయిస్తున్నానని టైములు చదివాను. జనం సంచులతో వచ్చి స్టాండులో నిలబడ్డారు. ఒక ముసలమ్మ సాయంత్రం దాకా ఉందట. నా వెనక నన్ను మైకు ఉపేంద్ర అంటారు. నాకు తెలుసు. ఎవరన్నా దాన్ని కాగితం మీద రాసి పదిమందిలో చదివితే నేనేమవుతానో ఆ రోజు నాకు తట్టలేదు."

హనుమాయమ్మ గారు మజ్జిగ తెచ్చింది.

"ఈ సంగతి మీ ఓనరుకు తెలుసా?" అన్నారు కోటయ్య గారు.

"తెలియదు."

"ముందు ఆయనకు చెప్పుకో. నాకు చెప్తే ఏం లాభం? జీతం ఇచ్చేది నేనా?"

సరుకు సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం జల్లు. నిద్ర 7½. ఇది నిజం 7½. మాత్రలు సరి.

కబురు రాకుండానే వెళ్లాను. షౌకత్ గేటు దగ్గర చూసి దారి ఇచ్చాడు. గోపాలకృష్ణయ్య గారి ముందు నిలబడి, ఆరోగ్యం అడిగినరోజు నేను దాచింది చెప్పాను. జబ్బు పేరు కూడా చెప్పాను. నిద్ర తప్పితే ఏమవుతుందో, మాత్రలు వేసుకుంటే ఏమవుతుందో చెప్పాను. అయిదు నిమిషాల్లో ముగించాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మొదటి రోజే చెప్పుంటే పెట్టుకునేవాడిని కాదయ్యా."

"అందుకేనండి చెప్పలేదు."

"ఇప్పుడు మాత్రం ఎందుకు పెట్టుకోవాలి?"

తెలియదండి అన్నాను.

కిరణ్ కుమార్ తల ఎత్తాడు. "మామయ్యా, నిన్న ముగ్గురు కోటయ్యలొచ్చారు. పేర్లు తీసేశాంగా. రెండు గంటలు పట్టింది. మూడో ఆయన తిట్టుకుంటూ పోయాడు."

గోపాలకృష్ణయ్య గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "లోపల ముప్పై ఒక్కమందున్నారు. ఎవరెవరో నీకు తప్ప ఈ ఆఫీసులో ఎవడికీ తెలియదు. అదీ నా ఖర్మ. మూడు నెలలు చూస్తా. నిద్ర పట్టని రోజు పనికి రాకు, ఫోన్ చెయ్యి. దాచావా, ఆ రోజే ఆఖరు. ఇంక ఆ పేర్లు..."

"ఎవరి పేరు వాళ్లనే అడిగి రాస్తానండి. ఏ పేరు పెట్టమంటే ఆ పేరు."

"అదేదో ముందే చెయ్యలేకపోయావా?"

బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాను. గుండె దడదడ కొట్టుకుంది. ఇది ఏ దడ అని చూసుకున్నాను. ఉద్యోగం వచ్చిన మనిషికి కొట్టుకునే దడే అనుకుంటాను. పడుకొని లేచాక చూడాలి.

జూన్ 19, గురువారం

ఎండ. నిద్ర 7. మాత్రలు సరి. లేచాక కూడా ఉంది!

ఈ రోజు ఆరుగురు కోటయ్యలను అడిగాను. మిలట్రీ కోటయ్య "హవల్దారు అని రాయి, మిలట్రీ అంటే వంటోడు కూడా మిలట్రీయే" అన్నాడు. రెండిళ్ల కోటయ్య చానాసేపు ఆలోచించి, మా పెద్దమ్మాయి డాక్టరు చదువుతోంది, డాక్టరు గారి నాన్న అని పడుతుందా అని మెల్లగా అడిగాడు. పడుతుందన్నాను. నత్తి కోటయ్య తన పేరు తనే రాసిచ్చాడు, "గట్టి కోటయ్య" అని. రాసిచ్చాక నా మొహం చూసి నవ్వాడు. ఇన్నేళ్లలో ఆయన నవ్వు నేను చూడలేదు.

నాలుగింటికి మాచవరం కోటయ్య గారు ట్రాక్టరుతో వచ్చారు. నాలుగు వందలూ తీయించడానికే అనుకున్నాను. అమ్మకానికి యాభై చాలన్నారు.

"పెదనాన్నా, మీకు ఏ పేరు రాయమంటారు?"

ఆయన చుట్టూ చూశారు. అవతలి పార్టీ వాళ్లు ఇద్దరు బెంచీ మీద ఉన్నారు.

"ముందు రాసిందే ఉంచు. ఇప్పుడు మార్చావంటే నేను ఉడుక్కున్నానని ఊళ్లో చెప్పుకుంటారు." తర్వాత వంగి, నాకు మాత్రమే వినపడేట్టు, "అక్షరాలు మాత్రం కాస్త చిన్నవి చెయ్" అన్నారు.

చిన్నవి చేశాను. రెండు నిమిషాలకే టిక్కీలు దిగాయి. పైనుంచి షౌకత్ ఈసారి కోటయ్య గారూ అని అరిచాడు.

ఇంకా ఇరవై నలుగురున్నారు. ఒక్కొక్కరిని అడగాలి! అడిగే విధానం కూడా ఒకటి ఆలోచించాను, రైతు లోపలికి రాగానే ముందు మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాత పక్కకు పిలిచి, అది రేపు కిరణ్ కుమార్‌కు చెప్పాలి. కోటేశ్వరరావులకు కూడా అదే పద్ధతి. ఆంజనేయులు గార్లకు మాత్రం ఇంకొకటి తోచింది, చానా తేలికైనది, అదేమిటంటే ఒక

రోహిణి గడియారం చూపిస్తోంది. తొమ్మిది ఇరవై తొమ్మిది. అది రేపు. బండి వెనక టైరుకు పంచరు వేయించాను, గాలి కూడా